రిజిస్టరు పేరు, పిలుపు పేరు

మా మావయ్యకి చెవులు కావాలని ఆ మధ్య ఒక ఎండాకాలంలో పార్వతి ఫోన్ చేసింది. పార్వతి ఆయన కూతురు, నాకు మరదలు, విజయనగరంలో ఉంటుంది. చెవి మిషను కొనలేదా అని అడిగాను. "కొన్నాం బావా. అది పెట్టుకుంటే పక్కింటి మిక్సీ తప్ప ఏటీ ఇనపడ్డం నేదట. నీ సెవులే కావాలట. నువ్వయితే ఇన్నది ఇన్నట్టు రాస్తావట" అంది. అరవయ్యేళ్ళు దాటాక మన ఒంట్లో ఏదో ఒక భాగం ఇంకా పనికొస్తుందని ఎవరైనా అంటే సంతోషంగానే ఉంటుంది. మర్నాడే బయల్దేరాను. రైలు దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడి, అలవాటు కొద్దీ పసుపుపచ్చ బోర్డు వైపు చూశాను. తెలుగులో విజయనగరం, కింద ఇంగ్లీషులో జెడ్‌తో విజియానగరం. ఆ జెడ్ ఏ దొర తెచ్చి పెట్టాడో గాని, దొర వెళ్ళిపోయినా అది మాత్రం ఉద్యోగంలోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మావయ్యే గుర్తొస్తాడు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో ఒక పలక, బలపం. ఎనభై అయిదేళ్ళ మనిషి ఒళ్ళో పలక చూస్తే మళ్ళీ ఒకటో తరగతిలో చేరాడేమో అనిపిస్తుంది. చెవులు పూర్తిగా పోయి నాలుగేళ్ళయింది. ఆయనకి చెప్పాల్సింది ఎవరైనా పలక మీద రాస్తారు. ఆయన దాన్ని పైకి చదువుతాడు, జవాబు చెప్తాడు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి రెండూ వెనక బెంచీ దాకా వినపడేటట్టే చేస్తాడు. దీనివల్ల ఆ ఇంట్లో రహస్యాలు లేకుండా పోయాయని పార్వతి గొడవ. తండ్రి పలక మీద తను 'పక్కింటావిడ వడ్డాణం గిల్టుదట' అని రాసిన పాపానికి, పక్కింటావిడతో ఆర్నెల్లు మాటల్లేవట.

నన్ను చూడగానే కుశల ప్రశ్నలు అవీ లేకుండా కుర్చీ పక్కనున్న చేతిసంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చాడు. పొడుగాటి పుస్తకం, కాలికో బైండు. తెరిస్తే కలరా ఉండల వాసన, దాని వెనక సన్నగా సముద్రపు వాసన. ప్రతి పేజీలోనూ మూడు గళ్ళు. మొదటి గడిలో ఇంగ్లీషు మాట. రెండో గడిలో 'మనవాళ్ళు పలికేది' తెలుగులో. మూడో గడిలో 'రేడియో పలికేది', అదీ తెలుగులోనే. ఈ మూడో గడి చూడవలసిన ముచ్చట. ఒక మాట రాసి, కొన్నేళ్ళకి కొట్టేసి పైన ఇంకోటి రాసి, మరి కొన్నేళ్ళకి దాన్నీ కొట్టేసి పక్కన ఇరికించి, నలభై ఏళ్ళ పాటు నల్ల సిరా, నీలం సిరా, రీఫిల్లు పెన్నూ పొరలు పొరలుగా ఉన్నాయి. మొదటి గడిలో మాత్రం ఒక్క కొట్టివేత లేదు. రాత ఉన్నచోటే ఉంది, నోరు మాత్రం ఊళ్ళు తిరిగింది.

ఇప్పుడాయన కోరిక ఏమిటంటే, పార్వతి కూతురు హారిక ఫోనులో మాటలు పలికే నిఘంటువు ఉందట, పుస్తకం అంతా ఒక్కసారి దానితో సరిచూసుకోవాలట. ఇంటర్నెట్టు అప్పుడే చవకయింది. ఇంటింటా పిల్లలు ఫోను పట్టుకుని గోడల కేసి చూసి నవ్వుతున్న రోజులు. ఆ పని హారికే చెయ్యొచ్చు కదా అన్నాను. చెయ్యలేదట. హారిక చిన్నప్పట్నించీ ఇంగ్లీషు మీడియం. వినడం చక్కగా వింటుంది. కాని విన్న దాన్ని తెలుగు అక్షరాల్లో పెట్టమంటే ఒత్తులకీ దీర్ఘాలకీ తడుముకుంటుంది. "ఈ పిల్ల రాసింది సదివితే ఇంగ్లీషోడు పుట్టు మూగ అనిపిస్తన్నాది" అని మావయ్య ఫిర్యాదు. హారికకి చెవులున్నాయి, అక్షరాల్లేవు. ఆయనకి అక్షరాలున్నాయి, చెవుల్లేవు. మధ్యలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరయి ఖాళీగా ఉన్న నన్ను పిలిపించారు.

అసలు నాకు అక్షరాలు కూర్చింది ఆయనే. మా నాన్న శ్రీముఖలింగం ఊరికి అవతల వంశధార ఒడ్డున వ్యవసాయం చేసేవాడు. మా ఊళ్ళో బడి అయిదో తరగతితో అయిపోయేది. ఆ తర్వాత పిల్లలు దున్నపోతుల వెనక పై చదువులు చదివేవారు. మా అమ్మ దానికి ఒప్పుకోక నన్ను తన అన్నగారింటికి పంపేసింది. మావయ్య నౌపడకి దగ్గర్లో ఉప్పుమడుల పక్క ఊళ్ళో హైస్కూలు మేష్టారు. ఇంటి వెనక గుమ్మం తెరిస్తే కనుచూపు మేర మడులు, మడుల గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. గాలి నిండా ఉప్పే. తలుపు బందులు ఏడాదికోసారి తుప్పు పట్టి ఊడేవి. అద్దం మీద పొర. పుస్తకాల అట్టలు తడిసి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయేవి. అత్త మాత్రం కూరలో ఉప్పు కాస్త తక్కువే వేసేది, మిగతాది గాలి చూసుకుంటుందనుకునేదేమో.

పొద్దున్నే చోడంబలి, అంటే రాగి జావ, నంచుకోడానికి ఉల్లిపాయ. అది తాగి మావయ్య ఒక కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేవాడు, గొంతు కోసం. మేష్టారికి గొంతే నాగలి అనేవాడు. బడికి వెళ్ళే దారిలో చిన్నబండి కూత వినపడేది. నౌపడ నుంచి ఒడిశా వైపు కొండల్లోకి వెళ్ళే చిన్న రైలు అది, ఎంత నెమ్మదంటే దాన్ని పట్టుకోడానికి ఎవరూ పరిగెత్తేవారు కాదు. ఇప్పుడు ఆ పట్టాలు వెడల్పు చేశారు, పెద్దబండి నడుస్తోంది. ఊళ్ళో ముసలివాళ్ళు మాత్రం ఇప్పటికీ 'సిన్నబండి ఎల్లిపోనాదా' అనే అడుగుతారట. ఈ సంగతి మావయ్యకి చెప్తే నాలుగో గడి గీసినా గీస్తాడు.

ఆయన ఇంగ్లీషు చెప్పే పద్ధతి ఒకటుండేది. అది ఆయన సొంతం. మా వైపు ఏ మనిషికైనా రెండు పేర్లు. ఒకటి బడి రిజిస్టర్లో ఉండేది, రెండోది జనం పిలిచేది. నా రిజిస్టరు పేరు వెంకట అప్పల సూర్యనారాయణ, పిలుపు పేరు సూరి. నా పక్కన కూర్చునేవాడు రిజిస్టర్లో లక్ష్మీనరసింహమూర్తి, ఊళ్ళో బుల్లోడు. లక్ష్మీనరసింహమూర్తిలో ఉన్న ఒక్క అక్షరం కూడా బుల్లోడులో సరిగ్గా వినపడదు. అయినా వాడు తప్పిపోయిన దాఖలా లేదు. మావయ్య దీన్ని పట్టుకున్నాడు. ఇంగ్లీషు మాటకీ రెండు పేర్లే, ఇందులో ఏడవడానికేమీ లేదురా అనేవాడు. నల్లబల్ల మీద కత్తి అనే మాట ఇంగ్లీషులో రాసి, బెత్తం ఎత్తి "రిజిస్టరు?" అనేవాడు. మేమంతా "క్‌నైఫె" అని అరిచేవాళ్ళం. "పిలుపు?" "నైఫ్." బుధవారానికి రిజిస్టరు వెడ్-నెస్-డే, పిలుపు వెన్స్‌డే. గుర్రమెక్కే వీరుడికి రిజిస్టరు క్‌నిఘ్ట్. ఆ ఘకారం దగ్గర గొంతు సవరించుకున్నట్టు పలకాలి. క్లాసంతా ఒక్కసారి పలికితే, దారిన పోయేవాళ్ళు బడికి జలుబు చేసిందనుకునేవారు. పిలుపు మాత్రం నైట్. అంతే. మా క్లాసులో ఇంగ్లీషు డిక్టేషనులో తప్పులు దాదాపు ఉండేవి కావు. రిజిస్టరు పేరు తెలిస్తే రాత వచ్చేసినట్టే కదా.

ఆ పలకని అక్షరాలు ఎందుకున్నాయని బుల్లోడు ఒకసారి అడిగాడు. వాడికి అనవసరమైనవన్నీ బరువే. మావయ్య బెత్తం బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళ తాతలు ఆ అక్షరాలన్నీ నోరారా పలికేవారట. ఈలోగా అచ్చు యంత్రం వచ్చి రాతని ఎక్కడున్నది అక్కడ కట్టేసింది. నాలుకని కట్టెయ్యడం ఎవడి తరమూ కాలేదు, అది జారుకుంది. "మరి డౌట్‌లో బి ఎవుడు పలికీవోడండి?" అన్నాడు బుల్లోడు, వాడికి ఆ రోజు ఏదో పూనింది. దాన్ని ఎవరూ పలకలేదట. అది పండితులు తర్వాత తగిలించారట, ఈ మాట లాటిను వంశంలో పుట్టిందని నలుగురికీ తెలియడానికి. మన ఊళ్ళో కొందరు పెళ్ళి శుభలేఖలో పేరు పక్కన బి.ఏ. వేసుకోరా, అలాంటిదట. ఆ తర్వాత ఆయన అన్న మాట నాకు ముప్ఫై ఏళ్ళ లెక్చరరు ఉద్యోగంలో మళ్ళీ మళ్ళీ పనికొచ్చింది. "మనం మాత్రం ఏటిరా? చెప్పు అని రాస్తాం, సెప్పు అంటాం. ఓ ఐదొందల ఏళ్ళు పోతే మన మునిమనవలు సెప్పుకి చెప్పు ఎందుకు రాయాలని ఏడుస్తారు. వాళ్ళకీ ఓ మేష్టారు కావాల." తెల్లవాళ్ళు ఇక్కడున్నప్పుడు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసుకున్నారని కూడా ఆయనే చెప్పాడు. మేం నవ్వితే, వాళ్ళ మాటలు మన నోట్లో పడి టేసను, ఇస్కూలు కాలేదా, చెల్లుకి చెల్లు అన్నాడు.

ఆయన క్లాసులో ఇంకో నియమం కూడా ఉండేది. పాఠం చదవడానికి లేచినవాడు ఆయన 'కూర్చో' అనేదాకా కూర్చోకూడదు. చదవడం అయిపోయినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. ఆయన ఒక్క క్షణం ఆగేవాడు, చదివింది మనసులో ఇంకోసారి విన్నట్టు. అప్పుడు కూర్చో అనేవాడు. ఆ మాట కోసం ఎదురుచూసేవాళ్ళం. అది వస్తే చాలు, బాగా చదివామని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాంటి రోజుల్లో బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వారం ముందు నుంచీ గోడలకి సున్నం, మాకు క్షవరాలు. తనిఖీ ముందురోజు సాయంత్రం ఉప్పుమడి గట్టు మీద కూర్చుని బుల్లోడు నాతో, "ఒరే సూరిగా, రేపు ఆయన ముందర పాటం మొత్తం రిజిస్టరు పేర్లతోనే సదివీగలవేటిరా? నీకంత నేదులే" అన్నాడు. క్లాసులో నా పరువు అంతా నవ్వించడం మీదే ఆధారపడి ఉండేది. మావయ్య మేనల్లుణ్ణని తెలిసిన కుర్రాళ్ళ మధ్య బతకడానికి నేను కనిపెట్టుకున్న మార్గం అది. చూద్దాంలే అన్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మా క్లాసుకే వచ్చాడు. బాగా చదివేవాణ్ణి లేపమంటే హెడ్మాస్టరు నన్ను చూపించాడు. మావయ్య మొహంలో కొంచెం గర్వం, కనపడకుండా దాచుకున్నంత. తెరిచిన పాఠం ఒక వీరుడు ఒక దీవిలో దిగి, మోకరిల్లి, కత్తి తీసి, ఏదో ముడి కొయ్యడం గురించి. ఆ పాఠం రాసినవాడికి కె అంటే ఏదో మమకారం ఉండి ఉండాలి. లేచి నిలబడ్డాను. వెనక బుల్లోడు సన్నగా దగ్గాడు. మొదలుపెట్టాను. క్‌నిఘ్ట్, క్‌నెల్ట్, ఐస్‌లాండ్, క్‌నైఫె, క్‌నాట్. ఒక్క మాట వదల్లేదు. ఘకారాల దగ్గర గొంతు శ్రద్ధగా సవరించుకున్నాను. మొదటి వాక్యానికి క్లాసు నోళ్ళు మూసుకుంది, రెండో వాక్యానికి ఎవడో ఆగలేకపోయాడు, ఇక అందరూ. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, మావయ్య వైపు తిరిగి, మీరు నేర్పేది ఇదేనా అని అడిగాడు. కాదనొచ్చు. కుర్రాడు వెధవ, కావాలని చేస్తున్నాడు అనొచ్చు. మావయ్య నిజం చెప్పేవాడు కాబట్టి, "అవునండి, ముందు ఇలాగే చెప్పి, తర్వాత..." అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ తర్వాత దాకా ఆగలేదు. బయటికి నడిచాడు. హెడ్మాస్టరు వెనక నడిచాడు. మావయ్య ఆయన వెనక. నన్ను కూర్చోమనడం ఎవరికీ గుర్తులేదు. గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాను. అప్పటికి దాన్ని కూడా ఓ ఘనకార్యంగానే లెక్క వేసుకున్నాను.

పై వారం నుంచి పెద్ద తరగతుల ఇంగ్లీషు ఒక కొత్త కుర్ర మేష్టారికి వెళ్ళింది. మావయ్యకి ఆరో తరగతి చరిత్ర, సాయంత్రం డ్రిల్లు ఇచ్చారు. పొడుగ్గా, పుల్లలా ఉండే మనిషి, పంచె ఎగగట్టి ఆ ఉప్పు గాల్లో ఈల ఊదుతూ ఒకటీ రెండూ అనేవాడు. నేను ఆ వరసలో నిలబడి చేతులు పైకెత్తి దించేవాణ్ణి. బుల్లోడు కూడా ఎందుకో నవ్వడం మానేశాడు. తనిఖీ రోజు రాత్రి అన్నాల దగ్గర మావయ్య నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. "బయమేసిందేటిరా?" నేను తలూపాను. నోటితో అబద్ధమాడలేదు, ఆ మాత్రం జాగ్రత్త అప్పుడే ఉండేది. ఆయన తన కంచంలోని చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు. నేను తిన్నాను. ముళ్ళు కూడా జాగ్రత్తగా తీసుకుని తిన్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంటికి రేడియో వచ్చింది. దీపాలు పెట్టే వేళకి దాన్ని తువ్వాల్లోంచి విప్పి, ముల్లు తిప్పుతూ, దూరదేశపు ఇంగ్లీషు వార్తలు పట్టేవాడు. సగం మాట, సగం చేపలు వేగుతున్న చప్పుడు. ఒక చేత్తో పెట్టెని చెవికి ఆనించుకుని, రెండో చేత్తో నోటుబుక్కులో రాసుకునేవాడు. అత్త, ఆ దొరలు ఇంటికి రోజూ వచ్చీవోళ్ళయితే ఇంత అంబలయినా పోద్దును అనేది. కొన్నేళ్ళకి ఇంగ్లీషు క్లాసులు తిరిగి ఆయన చేతికొచ్చాయి, అప్పటికి నేను కాలేజీకి వెళ్ళిపోయాను. కాని రిజిస్టరు అన్న మాట ఆ క్లాసులో మళ్ళీ వినపడలేదని బుల్లోడి తమ్ముడు చెప్పాడు. మేష్టారు పిలుపు పేరొక్కటే చెప్తున్నాడట. పిల్లలు చక్కగా పలుకుతున్నారట, డిక్టేషనులో నైఫ్‌ని ఎన్‌తో మొదలుపెడుతున్నారట.

నేను ఇంగ్లీషు లెక్చరరునయ్యాను. ప్రతి ఏడూ కొత్త బ్యాచికి మొదటి క్లాసులో ఒక కథ చెప్పేవాణ్ణి. మా ఊళ్ళో ఒక మేష్టారుండేవాడు, పిల్లలతో క్‌నైఫె అనిపించేవాడు, ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గది ఘొల్లుమనేది. ముప్ఫై బ్యాచులు నవ్వాయి. ఆ మేష్టారు మా మావయ్య అని గాని, ఆ కుర్రాణ్ణి నేనేనని గాని ఎప్పుడూ చెప్పలేదు. కథ పొడుగవుతుందని.

పార్వతి వాళ్ళ వరండాలో మొదటి రోజు పని బాగా సాగింది. హారిక ఫోనులో మాట నొక్కేది, నేను విని పలక మీద రాసేవాణ్ణి, మావయ్య పైకి చదివి నోటుబుక్కులో ఎక్కించేవాడు. వీధిలో పోయే ఆటోలు కూడా ఆగి వింటున్నట్టుండేది. ఫోనులో ప్రతి మాటకీ ఇద్దరు పలికేవాళ్ళున్నారు, ఒకడు ఇంగ్లండు వాడు, ఒకడు అమెరికా వాడు. షెడ్యూల్ అని ఒకడు, స్కెడ్యూల్ అని ఇంకొకడు. ఏది ఒప్పు అని మావయ్య అడిగాడు. హారిక, రెండూ కరెక్టే తాతయ్యా అంది. నేను 'రెండూ' అని రాశాను. ఆయన అది పైకి చదివాడు. "రెండూ ఒప్పయితే మరి మనం ఎందుకురా ఇన్ని తిప్పలు పడ్డాం?" నేను పలక తుడిచేశాను. తరచుగా అనడానికి వాడే ఆఫెన్‌లో టి పలకకూడదని ఆయన జీవితమంతా చెప్పాడు. ఫోను టి లేకుండా ఒకసారి, టితో ఒకసారి పలికింది. ఆ తర్వాత నుదురు. మూడో గడిలో రేడియో విని రాసుకున్నది ఫారిడ్. ఫోను మాత్రం ఫోర్‌హెడ్ అంది. హారికకి ఫారిడ్ అనేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారంటేనే నమ్మకం కుదరలేదు. నేను పలక మీద 'ఇప్పుడు అందరూ రాసినట్టే పలుకుతున్నారు' అని రాశాను. మావయ్య అది చదివి, నోరు తెరిచి, పళ్ళు లేని నవ్వు ఒకటి నవ్వాడు. "అయితే రిజిస్టరు పేరే పిలుపు పేరయిపోనాదన్నమాట." దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఆ రిజిస్టరు అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నవ్వు ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగానూ పోయింది. "ఏటి లాబం" అని పేజీ తిప్పాడు.

రెండో రోజు మధ్యాహ్నం హారిక నోటుబుక్కు మొదటి ఆకు అట్టకి అంటుకుపోయి ఉందని కనిపెట్టింది. ఉప్పు గాలి చేసిన పనే. మావయ్య భోజనం చేసి కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. స్టీలు స్కేలు పెట్టి ఆ పిల్ల నెమ్మదిగా విడదీసింది. చదవలేక నాకిచ్చింది. నల్ల సిరా, గుండ్రటి చెయ్యి. 'ఇకపై పిల్లలకు పలికేది మాత్రమే చెప్పవలెను. రిజిస్టరు పేరు చెప్పరాదు. నా పద్ధతి వల్ల సూరి వంటి తెలివైన పిల్లవాడు కూడా పదిమందిలో నవ్వులపాలయినాడు. తప్పు నాది.' దాని కింద ఆ వీరుడి పాఠం మొత్తం ఎత్తి రాసి, ప్రతి మాట కిందా పిలుపు పేరు తెలుగులో రాసి పెట్టాడు. అంటే ఈ పుస్తకం, ఆ రేడియో, నలభై ఏళ్ళ మూడో గడి, అన్నీ అక్కడే మొదలయ్యాయి. నేను ఒక నవ్వు కోసం చేసిన పనికి ఆయన ఇంత మందాన సంజాయిషీ రాసుకున్నాడు, అదీ తనకి తాను.

ఆయన లేచేదాకా పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెళ్ళిపోయే రైలు రాత్రికి ఉంది, ఏమీ రాయకపోయినా ఎవరూ అడగరు. నాలుగుసార్లు రాసి తుడిచాను. మొదటిసారి రాసినది చాలా హాస్యంగా ఉంది, రెండోసారి కూడా. ఇంగ్లీషులో అయితే ఒకటి రెండు అక్షరాలు రాసీ పలక్కుండా దాటెయ్యొచ్చు. తెలుగులో రాసినదంతా పలకాలి. పైగా పలికేది మావయ్య.

ఆయన కళ్ళు తెరిచాక పలక చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, క్లాసు గొంతుతో మొదలుపెట్టాడు. "మావా. ఆ రోజు నాకు భయమెయ్యలేదు. బుల్లోడు రెచ్చగొడితే నవ్వించడానికి కావాలనే అలా చదివాను. పిలుపు పేర్లన్నీ నాకొచ్చు. నీ పద్ధతి తప్పు కాదు. తప్పు నాది."

వంటింట్లో పార్వతి గిన్నెల చప్పుడు ఆగింది. గుమ్మం దగ్గర మినప్పప్పు బాగుచేసుకుంటున్న అత్త తలెత్తింది. ఆమెకి చెవులు బాగానే ఉన్నాయి. "ఒరే సూరీ, ఆ ఏడాది ఆయన సరిగ్గా అన్నం తిన్లేదురా. నువ్వు మాత్రం రెండోసారి పెట్టించుకునీవోడివి" అంది. గొంతులో కోపం లేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది, మళ్ళీ పప్పులో రాళ్ళు ఏరుకోవడం మొదలెట్టింది. దానికి పలక అవసరం లేదు, నేనే విన్నాను.

మావయ్య పలకని ఇంకోసారి చదివాడు, ఈసారి పెదాలతోనే. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుణ్ణు అనిపించింది. ఆయన నా వైపు చూడనే లేదు. వీధి గేటు వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నానని అనుకుంటూ, వీధంతా వినపడేటట్టు అన్నాడు. "అయితే పద్దతిలో తప్పు నేదన్నమాట." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు. "పిల్లడు పాడవ్వనేదు."

తర్వాత నోటుబుక్కు తీసుకుని, కొత్తగా విడిపోయిన మొదటి ఆకు చూసి, పెన్ను మూత తీశాడు. 'చెప్పరాదు' అన్న మాట మీద గీత కొట్టాడు. పుస్తకం నా చేతికిచ్చి, బెత్తం లేదు కాబట్టి బలపం ఎత్తి, "లే" అన్నాడు.

లేచాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి. "రెండూ సెప్పాల. ముందు రిజిస్టరు, తర్వాత పిలుపు" అన్నాడు. వీరుడి పాఠం మొదలుపెట్టాను. క్‌నిఘ్ట్, నైట్. క్‌నెల్ట్, నెల్ట్. హారిక మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడో మాటకి చెయ్యి తీసేసింది. అయిదో మాటకి ఘకారం దగ్గర నాతో పాటు గొంతు సవరించింది. పార్వతి గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. మావయ్యకి ఒక్క ముక్క వినపడదు. ముందుకి వంగి నా నోటినే చూస్తూ, ఒక్కో మాటకి తల ఆడిస్తూ, ఆ దీవి, ఆ కత్తి, ఆ ముడి అన్నీ దాటించాడు. ఆఖరి మాట అయిపోయింది. పుస్తకం మూసి నిలబడ్డాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు, చదివింది మనసులో ఇంకోసారి విన్నట్టు.

"కూర్చో" అన్నాడు.